'ఐ అగ్రీ' నొక్కే ముందు ఆగండి

వకీలు గారి వెబ్‌సైటు తెరవగానే తెర మీద ఒక పెట్టె అడ్డం వస్తుంది. అందులో సన్నటి అక్షరాల్లో పది పదిహేను పంక్తులు, వాటి కింద 'ఐ అగ్రీ' అనే బటన్ ఉంటాయి. లోపలికి వెళ్ళాలన్న తొందరలో బటన్ నొక్కేస్తాం. పంక్తులు మాత్రం చదవం. చదవకపోతే ఏమవుతుందని మీరు అనుకోవచ్చు. చెక్కు డబ్బు పోవచ్చు, ప్రమాద పరిహారం పోవచ్చు, ఆడపడుచు వాటా పోవచ్చు. ఎన్నడూ కోర్టు గుమ్మం తొక్కని కుటుంబానికి మొదటిసారి ఒక నోటీసు వస్తుంది. కంగారులో ఫోన్ తీసి వెతుకుతారు. ఈ హెచ్చరిక ముఖ్యంగా వాళ్ళ కోసమే.

ఆ పెట్టెలో ఉండేది దాదాపు అన్నిచోట్లా ఒకే సంగతి. ఈ సైటులో ఉన్నది సాధారణ సమాచారమే తప్ప సలహా కాదు. దీన్ని చదివినా, మాకు మెసేజ్ పంపినా మేము మీ వకీళ్ళం కాము. రహస్యాలు రాయకండి. ఇక్కడి సమాచారాన్ని నమ్మి నష్టపోతే మా బాధ్యత లేదు. మేము పిలవకుండా మీ అంతట మీరే వచ్చారు. బటన్ నొక్కడమంటే ఇవన్నీ ఒప్పుకున్నట్టే. మనవాళ్ళలో చాలామంది ఇందుకు పూర్తిగా విరుద్ధమైన నమ్మకంతో బయటికి వస్తున్నారు. ఫారం నింపి 'సబ్మిట్' కొట్టగానే వకీలును పెట్టుకున్నామని అనుకుంటున్నారు. ఇక ఆయన చూసుకుంటారని నిశ్చింతగా ఉంటున్నారు. అటువైపు మాత్రం ఎవరూ ఏదీ చూసుకోవడం లేదు. ఈ రెంటి మధ్య ఖాళీలోనే రోజులు గడిచిపోతున్నాయి.

ఆ పెట్టెలో వకీళ్ళ కుట్ర ఏదీ లేదు. వకీళ్ళు తమ వృత్తికి ప్రచారం చేసుకోకూడదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నియమం చెబుతుంది. 2008లో దాన్ని కొంత సడలించి వెబ్‌సైటు పెట్టుకోవడానికి ఒప్పుకున్నారు. అందులో కూడా పేరు, చిరునామా, ఫోను, ఈమెయిలు, బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్ నంబరు, ఆ తేదీ, చదువు, ఏ రకం కేసులు చూస్తారన్న వివరం, అంతవరకే. ప్రచారం చేస్తున్నారన్న మాట పడకుండా ఉండటానికి, చదివినవాళ్ళు తొందరపడి చేసినదానికి తాము జవాబు చెప్పాల్సి రాకుండా ఉండటానికి వాళ్ళు ఆ పెట్టె పెట్టుకున్నారు. వాళ్ళ జాగ్రత్త వాళ్ళు తీసుకున్నారు. మీ జాగ్రత్త కూడా మీరు తీసుకోవాలన్నదే మా ఆరాటం.

చిన్న ఆఫీసు ఎలా ఉంటుందో ఒకసారి ఊహించండి. ఒక వకీలు, ఇద్దరు జూనియర్లు, ఒక గుమాస్తా. పొద్దున కోర్టు, మధ్యాహ్నం వాయిదాలు, సాయంత్రం క్లయింట్లు. సైటు ఎప్పుడో ఒక కుర్రాడి చేత చేయించినది. ఆ ఫారంలో రాసిన సంగతి ఏ ఈమెయిలుకు వెళుతుందో, దాన్ని ఎవరు తెరుస్తారో ఆ ఆఫీసులో ఒక్కోసారి ఎవరికీ తెలియదు. మీ మెసేజ్ స్పామ్ డబ్బాలో పడి ఉండవచ్చు. వకీలు గారు నెల రోజుల తర్వాత చూసి, అయ్యో అనుకోవచ్చు. ఆయన మంచివారే. కానీ మీ గడువు ఆయన మంచితనం కోసం ఆగదు.

ఈ గడువుల సంగతే అన్నింటికంటే ముఖ్యం. చెక్కు బౌన్స్ కేసు తీసుకోండి. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు తెలిపిన రోజు నుంచి 30 రోజుల్లో డబ్బు కట్టమంటూ రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. నోటీసు అందుకున్నాక ఎదుటివారికి 15 రోజులు. అప్పటికీ కట్టకపోతే ఆ తర్వాత నెల రోజుల్లోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి. ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపి క్షమించమని కోర్టును అడిగే దారి ఉంది. మొదటి నోటీసు 30 రోజులకు ఆ దారి లేదు. చెక్కుకు ఉండే మూడు నెలల చెల్లుబాటు ఇంకా దాటకపోతే మళ్ళీ బ్యాంకులో వేసి కొత్తగా మొదలుపెట్టవచ్చు. అదీ దాటితే ఆ సెక్షన్ కింద క్రిమినల్ కేసు దారి మూసుకుపోయినట్టే. మిగిలేది సివిల్ దావా, దానికీ మూడేళ్ళ పరిమితి. 'మీ మెసేజ్ అందింది, త్వరలో సంప్రదిస్తాం' అని సైటు నుంచి తనంతట తాను వచ్చే జవాబును నమ్ముకుని ఈ 30 రోజులూ పోగొట్టుకోకండి. ఆ జవాబు పంపింది మనిషి కాదు, యంత్రం.

సివిల్ కోర్టు నుంచి సమన్లు వస్తే మీ తరఫు జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, కోర్టు పొడిగిస్తే 90 రోజులు. అసలు హాజరే కాకపోతే కేసు మీ వెనకాల ఎక్స్‌పార్టీగా నడిచిపోతుంది. డిక్రీ అయ్యాక దాన్ని తీసేయించుకోవడానికి మళ్ళీ 30 రోజులే. జిల్లా కోర్టుకు అప్పీలు 30 రోజులు, హైకోర్టుకు 90 రోజులు. వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్ళు. సైటుకు రాశాం కదా అని ఈ గడువులను ఒక్క రోజు కూడా ఎవరూ పెంచరు.

మరి సైటులో ఉన్న వ్యాసాలైనా నమ్మవచ్చా? చదవండి, తప్పులేదు. కానీ అది రాసిన తేదీ ఎక్కడుందో ముందు వెతకండి. తేదీ లేని వ్యాసాన్ని పక్కన పెట్టండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది, సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, సాక్ష్య చట్టం కూడా మారింది. జనం నోళ్ళలో నానిన 420 ఇప్పుడు 318వ సెక్షన్‌లో ఉంది. 498ఏ స్థానంలో 85, 86 వచ్చాయి. అంతకంటే ప్రమాదకరమైనది 482. పాత చట్టంలో ఆ నంబరు హైకోర్టులో కేసు కొట్టేయించుకోవడానికి వాడేది. కొత్త చట్టంలో అదే నంబరు ముందస్తు బెయిలుది. కేసు కొట్టేయించుకునే సెక్షన్ ఇప్పుడు 528. పాత వ్యాసం చదివి ఒకటి అడగబోయి ఇంకొకటి అడిగేవాళ్ళు ఉంటారు. పైగా నేరం జరిగిందన్న రోజు 2024 జులైకి ముందుదైతే నేరానికి పాత ఐపీసీ సెక్షనే వర్తిస్తుంది. ఇది తేల్చడానికి మనిషి కావాలి. తేదీలు చూసి, ఎఫ్ఐఆర్ చదివి చెప్పే మనిషి.

రోడ్డు ప్రమాదాల సంగతీ ఇంతే. పరిహారం కోసం వేసే పిటిషన్‌కు గడువు లేదని పాత పేజీలు చెబుతాయి. అవి రాసిన నాటికి అది నిజమే. 1994లో గడువు తీసేశారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, 2022 ఏప్రిల్ 1 నుంచి ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలన్న నిబంధన తెచ్చారు. దాన్ని సవాలు చేసిన కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. వాటి మీద ఆశ పెట్టుకుని కూర్చోవద్దు. ఇంటి పెద్దను పోగొట్టుకున్న కుటుంబానికి ఆరు నెలలు కన్నీళ్ళలోనే గడుస్తాయి. కర్మకాండలు, ఏడో నెల మాసికం అయ్యాక తీరిగ్గా చూద్దామనుకుంటే ఆలస్యమైపోతుంది. ఆ ఇంటి పక్కన ఉన్నవాళ్ళు, బంధువులు ఎవరైనా ఈ మాట వాళ్ళ చెవిన వేయండి.

ఆడపిల్లల ఆస్తి హక్కు గురించి మరికాస్త వివరంగా చెప్పాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1986లోనే హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. ఆ తేదీకి ముందే పెళ్ళయినవాళ్ళకు అందులో చోటు లేదు. తర్వాత 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ వచ్చింది. ఆ రోజుకు తండ్రి బతికి ఉంటేనే కూతురికి హక్కు అని 2015లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. 2020 ఆగస్టు 11న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాటను తోసిపుచ్చింది. హక్కు పుట్టుకతోనే వస్తుంది, తండ్రి 2005 నాటికి బతికి ఉన్నారా లేదా అన్నదానితో పని లేదని తేల్చింది. ఇప్పుడు 2016లో రాసిన ఒక వ్యాసం ఏదో సైటులో అలాగే ఉండిపోయిందనుకోండి. తండ్రి 2003లో పోయిన ఒక ఆడపడుచు దాన్ని చదువుతుంది. తనకు వాటా లేదని నమ్ముతుంది. అన్నదమ్ములు తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టేస్తుంది. ఆమెను ఎవరూ మోసం చేయలేదు. తేదీ చూడకపోవడం వల్ల తనంతట తానే వదులుకుంది. తిరగేసి చూస్తే, 2020 తీర్పు ఒక్కటే చదివి తనకు తప్పకుండా వాటా వస్తుందని కోర్టుకు వెళ్ళే ఆమెకూ చిక్కే. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రంతో పంపకాలు జరిగి ఉంటే కథ మారిపోతుంది. ఏ కుటుంబానికి ఏది వర్తిస్తుందో ఆ కుటుంబం కాగితాలే చెప్పాలి.

భాష ఒకటే కదా అని చట్టం కూడా ఒకటే అనుకోకండి. విజయవాడలో ఉన్న మీరు హైదరాబాద్ వకీలు సైటులో భూముల గురించి చదివి నిర్ణయం తీసుకుంటే దెబ్బతింటారు. తెలంగాణలో 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో భూ యాజమాన్య హక్కుల చట్టం 2023లో అమల్లోకి వచ్చి, 2024లో ప్రభుత్వం మారాక రద్దయింది. 2019 జనవరి 1 నుంచి రెండు రాష్ట్రాల హైకోర్టులూ వేరు. పట్టాదారు పాస్‌బుక్కు, మ్యుటేషన్, స్టాంపు డ్యూటీ గురించి తెలుగులో చక్కగా రాసి ఉన్న ప్రతి మాటా మీ మండలానికి సరిపోతుందని లేదు. ఆ పేజీ ఏ రాష్ట్రం గురించి రాసిందో చెప్పకపోతే, దాన్ని మీ రాష్ట్రానికి వర్తింపజేసుకోకండి.

సైటులో ఉచితంగా దొరికే నమూనాలు ఇంకా ప్రమాదం. అప్పు తిరిగి కట్టమని ఒక లీగల్ నోటీసు వస్తుంది. మూడేళ్ళ గడువు ఇంకో నెలలో అయిపోతుంది. మీరు భయపడి ఒక నమూనా దింపుకుని, 'మీకు ఇవ్వవలసిన మొత్తాన్ని కొంత వ్యవధిలో చెల్లిస్తాను' అని నింపి, సంతకం పెట్టి, రిజిస్టరు పోస్టులో పంపుతారు. గడువు ముగియకముందే సంతకంతో అప్పు ఒప్పుకుంటే ఆ రోజు నుంచి మళ్ళీ కొత్తగా మూడేళ్ళు మొదలవుతాయని లిమిటేషన్ చట్టం 18వ సెక్షన్ చెబుతుంది. ఆ ఒక్క వాక్యం విలువ మీకు ఆ సాయంత్రం తెలియదు. అప్పు న్యాయమైనదైతే కట్టాల్సిందే. కానీ లేని అప్పునో, ఎప్పుడో తీర్చేసిన అప్పునో ఒక నమూనాలోని మర్యాద వాక్యంతో మెడకు చుట్టుకోకండి.

వీలునామా నమూనాలూ అలాంటివే. నోటరీ ముద్ర ఉంటే చాలని చాలామంది నమ్మకం. భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం కావాల్సింది ఇద్దరు సాక్షులు, వాళ్ళ సంతకాలు. ముద్ర ఉండి సాక్షి ఒక్కరే ఉంటే ఆ వీలునామా నిలవదు. స్థలం కొనేటప్పుడు నోటరీ కాగితంతో సరిపెట్టుకున్నవాళ్ళ బాధ హైదరాబాద్ చుట్టుపక్కల కాలనీల్లో వీధి వీధికీ వినిపిస్తుంది. వంద రూపాయలు, అంతకు మించి విలువ చేసే స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ తప్పదు. స్థిరాస్తి దానపత్రానికి విలువ ఎంతైనా రిజిస్ట్రేషన్ తప్పదు. జీపీఏ కాగితంతో యాజమాన్యం చేతులు మారదని 2011లోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఏ నమూనా అయినా సంతకం పెట్టే ముందు ఒక్కసారి వకీలుకు చూపించండి. దానికి ఇచ్చే ఫీజు, తర్వాత పదేళ్ళు తిరిగే కోర్టు ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

ఇప్పుడు మీరు ఆ ఫారంలో రాసే మాటల సంగతి. 'మీ సమస్యను వివరంగా రాయండి' అని పెద్ద ఖాళీ ఇస్తారు. బాధలో ఉన్న మనిషి అందులో అంతా రాసేస్తాడు. ఎవరితో తగాదా, తన దగ్గర ఏ కాగితాలు ఉన్నాయి, ఏవి లేవు, తాను చేసిన పొరపాటు ఏమిటి, అన్నీ. వకీలుకు క్లయింటు చెప్పిన రహస్యాన్ని చట్టం కాపాడుతుంది. పాత సాక్ష్య చట్టంలో 126, కొత్త భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 132వ సెక్షన్. కానీ ఆ రక్షణ వకీలుగా ఆయన మీకు చేసే సేవలో భాగంగా చెప్పిన మాటలకు. సైటు ముందే మేము మీ వకీళ్ళం కాము అని చెప్పింది, మీరు ఐ అగ్రీ అన్నారు. ఆ తర్వాత రాసిన రహస్యానికి ఆ కవచం ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

చిన్న ఊళ్ళలో ఇంకో చిక్కు ఉంది. రెవెన్యూ కేసులు బాగా చూస్తారని పేరున్న వకీళ్ళు ఆ పట్టణంలో ముగ్గురో నలుగురో ఉంటారు. మీరు ఎవరి మీద దావా వేయాలనుకుంటున్నారో, ఆ మనిషి వారం క్రితమే అదే ఆఫీసులో కూర్చుని ఫీజు ఇచ్చి ఉండవచ్చు. ఒక పక్షానికి సలహా ఇచ్చిన వకీలు అదే వ్యవహారంలో ఎదుటి పక్షానికి పనిచేయకూడదని బార్ కౌన్సిల్ 33వ నియమం చెబుతుంది. అంటే ఆయన మీ కేసు తీసుకోలేరు. పైగా మీరు ఫారంలో కుమ్మరించిన సంగతంతా మీ ప్రత్యర్థి వకీలు బల్ల మీదికే నేరుగా వెళ్ళినట్టు. అందుకే మొదటి మెసేజ్‌లో మీ పేరు, ఎదుటివారి పేరు, ఏ రకం వ్యవహారం, చివరి గడువు ఎప్పుడు, ఈ నాలుగే రాయండి. 'మీరు ఈ కేసు తీసుకోగలరా' అని అడగండి. ఆయన ఔనన్నాకే మిగతాది.

ఇంట్లో హింస భరిస్తున్న అక్కాచెల్లెళ్ళకు ఒక మాట. మీరు ఏ సైటు చూశారో మీ ఫోన్‌లో మిగిలిపోతుంది. ఫారంలో ఇంటి నంబరు ఇస్తే ఆఫీసు నుంచి గుమాస్తా ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ ఎత్తేది మీరు కాకపోవచ్చు. వాట్సాప్ జవాబు తెర మీద మెరిసినప్పుడు ఫోను ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలియదు. నమ్మకమైన స్నేహితురాలి ఫోన్ వాడండి. లేదా 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. లైంగిక నేరాల బాధితుల పేర్లు, పిల్లల ఫోటోలు, వైద్య నివేదికలు ఏ ఫారంలోనూ అప్‌లోడ్ చేయకండి. బాధితురాలి గుర్తింపు బయటపెట్టడాన్ని చట్టమే నేరంగా చూస్తుంది. ఒకసారి ఏదో సర్వర్‌లోకి వెళ్ళిన కాగితాన్ని వెనక్కి తెచ్చుకోవడం మీ చేతుల్లో ఉండదు. ఆధార్ తప్పనిసరిగా ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

కొన్ని సైట్లలో మూలన ఒక చాట్ పెట్టె ఉంటుంది. అడిగిన వెంటనే తెలుగులోనే జవాబు చెబుతుంది. అవతల వకీలు ఉన్నారనుకోకండి, జవాబు ఇచ్చేది యంత్రం కావచ్చు, అది తప్పు చెప్పవచ్చు. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఇద్దరు వకీళ్ళు చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పులను సరిచూడకుండా దాఖలు చేశారు. అలాంటి తీర్పులే లేవు. కోర్టు వాళ్ళకూ వాళ్ళ సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది. ఏళ్ళ తరబడి వృత్తిలో ఉన్నవాళ్ళే పొరపడిన చోట మనం ఎంత జాగ్రత్తగా ఉండాలి!

ఇక అసలు వకీలే కాని వాళ్ళ సంగతి. మంచి సైటు చేయడానికి పెద్ద ఖర్చు లేదు. నల్లకోటు ఫోటో, త్రాసు బొమ్మ, కోర్టు భవనం చిత్రం పెడితే ఎవరైనా నమ్ముతారు. అమెరికాలో ఫార్మింగ్టన్ అనే నకిలీ విశ్వవిద్యాలయం పేరుతో నడిచిన సైటును నమ్మి 2019లో ఎంతమంది తెలుగు పిల్లలు చిక్కుకున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. 2025 జనవరిలో మన సుప్రీంకోర్టు రిజిస్ట్రీయే, తన వెబ్‌సైటును పోలిన నకిలీ సైట్లు తిరుగుతున్నాయని, వాటిలో వివరాలు ఇవ్వవద్దని ప్రజలకు చెప్పాల్సి వచ్చింది. సుప్రీంకోర్టుకే నకిలీ పుట్టినప్పుడు, మీ పట్టణంలోని ఒక చిన్న ఆఫీసుకు నకిలీ పుట్టదా?

కొన్ని గుర్తులు చెబుతాం, మనసులో పెట్టుకోండి. ఎన్‌రోల్‌మెంట్ నంబరు లేని సైటును నమ్మకండి. నంబరు ఉంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో గానీ, ఆ ఊరి కోర్టు ఆవరణలోని బార్ అసోసియేషన్‌లో గానీ అడిగి సరిచూసుకోండి. 'నూటికి నూరు శాతం గెలుపు', 'బెయిలు గ్యారంటీ', 'జడ్జి మనవారే' అనే మాట ఎక్కడ కనిపించినా అక్కడి నుంచి బయటికి రండి. క్లయింట్ల పొగడ్తలు, గెలిచిన కేసుల జాబితా పెట్టుకున్నారంటే బార్ కౌన్సిల్ నియమాన్నే లెక్క చేయడం లేదని అర్థం. వచ్చే డబ్బులో ఇంత శాతం ఇస్తే చాలన్నవాళ్ళనూ ఒప్పుకోకండి. కేసు ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం వకీళ్ళకు నిషిద్ధం. డబ్బు పంపమన్న యూపీఐ పేరు వకీలు పేరుతో కలవకపోతే ఒక్క రూపాయి వేయకండి. బార్ కౌన్సిల్‌లో పేరు లేకుండా కోర్టుల్లో వకీలుగా పనిచేసేవారికి అడ్వకేట్స్ చట్టం 45వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. అయినా భయపడనివాళ్ళు ఉన్నారు.

'మీ మీద కేసు ఉంది, మా లీగల్ టీం సైటులో చూసుకోండి, వీడియో కాల్‌లోనే ఉండండి' అని ఎవరైనా బెదిరిస్తే వెంటనే ఫోన్ పెట్టేయండి. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. నిజంగా కేసు ఉందో లేదో ఈ-కోర్ట్స్ యాప్‌లో మీరే చూసుకోవచ్చు. ప్రతి కేసుకూ 16 అక్షరాలు, అంకెలు కలిసిన సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. అది అడగండి. మీ సొంత వకీలును కూడా అది అడగడంలో తప్పు లేదు. వాయిదా తేదీ, గత వాయిదాలో జరిగింది, అంతా అందులో కనిపిస్తుంది.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు రెండు దేశాల గడువులూ ఉంటాయి. అమెరికాలో వర్క్ వీసా ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజుల వరకే వ్యవధి. వీసా దస్త్రం మీద అదనపు ఆధారాలు అడుగుతూ నోటీసు వస్తే అందులో రాసిన గడువును పొడిగించరు. ఇమిగ్రేషన్ సలహా ఇచ్చే అర్హత అక్కడ లైసెన్సున్న అటార్నీకి, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రతినిధికి మాత్రమే. తెలుగులో మాట్లాడతాడని, తెలుగు సంఘంలో కనిపిస్తాడని ఎవరికైనా పాస్‌పోర్టు వివరాలు ఇవ్వకండి. ఊళ్ళో పొలం అమ్మడానికి అక్కడి నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపితే, అది మన దేశానికి చేరిన మూడు నెలల్లో ఇక్కడ స్టాంపు వేయించాలి. అక్కడి సైటులో చదివి అక్కడే విడాకులు తీసుకుంటే ఇక్కడ చెల్లుతాయన్న భరోసా లేదు. 1975లో తిరుపతిలో పెళ్ళి చేసుకున్న ఒక జంటకు మిస్సోరి కోర్టు ఇచ్చిన విడాకులను 1991లో మన సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఆ నమ్మకంతో రెండో పెళ్ళి చేసుకుంటే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

వకీలు సోదరులకు, సోదరీమణులకు కూడా ఒక విన్నపం. మీ మీద మాకు ఫిర్యాదు లేదు. కానీ మీ సైటులోని ఆ పెట్టె ఇంగ్లీషులో ఉంది. దాన్ని నొక్కేది కరీంనగర్ రైతు, నరసరావుపేట వ్యాపారి, అనంతపురం అంగన్‌వాడీ టీచరు. ఆ పది పంక్తులూ తెలుగులో పెట్టండి. ప్రతి వ్యాసం పైన తేదీ, రాష్ట్రం పేరు రాయండి. ఫారం కింద ఎర్రటి అక్షరాల్లో ఒక్క వాక్యం చేర్చండి: 'మేము ఫోన్ చేసి కేసు తీసుకున్నామని చెప్పేవరకు మీ గడువుకు మేము బాధ్యులం కాము, వెంటనే ఇంకొకరిని సంప్రదించండి.' ఆ వాక్యం ఒక కుటుంబాన్ని కాపాడుతుంది, మిమ్మల్ని కూడా. పాత చట్టం మీద రాసిన పేజీలు ఉంటే తీసేయండి.

పాఠకులారా, వకీలును కలవండి. ఎదురుగా కూర్చుని కాగితాలు చూపించండి. కోర్టు కేసైతే వకాలత్‌నామా మీద సంతకం పెట్టండి, ఆయన కూడా ఒప్పుకుంటూ సంతకం చేశారో లేదో చూడండి. ఇచ్చిన ఫీజుకు రసీదు తీసుకోండి. ఒరిజినల్ దస్తావేజులు ఇస్తే ఏవేవి ఇచ్చారో రాయించుకోండి. సైటులో చదివినది ఏదైనా ఉంటే ఆయన ముందు పెట్టి, ఇది మాకు వర్తిస్తుందా అని అడగండి. సిగ్గుపడకండి. ఫీజు కట్టే స్థోమత లేదని ఆగిపోకండి. ఆడవాళ్ళకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు, జైల్లో ఉన్నవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. మిగతావాళ్ళకు ఆదాయ పరిమితిని బట్టి ఇస్తారు. ప్రతి జిల్లా కోర్టులోనూ న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంది.

మీ ఇంట్లో ఇప్పుడు సమన్లు గానీ, లీగల్ నోటీసు గానీ, బ్యాంకు తిప్పి పంపిన చెక్కు గానీ ఉంటే, అది చేతికి అందిన తేదీని ఈ రాత్రే ఒక చీటీ మీద రాసి దానికి జత చేయండి. రేపు కోర్టు తెరిచే వేళకు దాన్ని ఒక వకీలు చేతిలో పెట్టండి. వకీలు దొరకకపోతే న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.